ముప్ఫై ఏడు, ముప్ఫై ఎనిమిది

ఆమె కనబడకుండా పోయింది మంగళవారం. ఉదయం పది గంటలకు జెట్టీ నుంచి బయలుదేరిన టూరిస్టు లాంచీ ఎక్కింది. ఒంటిగంటకు అదే లాంచీ అదే జెట్టీకి తిరిగి వచ్చింది. అరవై నలుగురు ఎక్కారు, అరవై నలుగురు దిగారు అని లాంచీ పుస్తకంలో రాసి ఉంది. దిగినవాళ్ళలో ఆమె మాత్రం లేదు.

గురువారం ఉదయం ఏడున్నరకు ఆమె భర్త డిటెక్టివ్ గుమ్మంలో నిలబడ్డాడు. చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. నోరు తెరవగానే చెప్పింది భార్య గురించి కాదు, హార్బరు పోలీసు ఇన్‌స్పెక్టరు గురించి.

“‘మీ ఆవిడ తప్పిపోలేదయ్యా, తప్పించుకుంది’ అన్నాడు మేడమ్. అందరి ముందూ అన్నాడు. అక్కడున్నవాళ్ళు నవ్వారు.”

డిటెక్టివ్‌కు ఆ ఇన్‌స్పెక్టరు తెలుసు. ఆరేళ్ళ కిందటి వరకు పోలీసు స్టేషన్లో ఇద్దరివీ పక్కపక్క బల్లలు. అవసరం ఉన్న రోజున ‘అక్కా’ అని నోరారా పిలిచేవాడు. అలా పిలిచి ఆవిడ చేత సంతకం పెట్టించుకుని, ఒక మనిషి తప్పిపోయిన కేసు మూసేశాడు. మూసిన మూడో రోజున శవం దొరికింది. ఆవిడ ఉద్యోగం మానేసింది. అతనికి ప్రమోషన్ వచ్చింది.

ఆవిడకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఇప్పుడు చాలా తగ్గిన గొంతుతో, మీ గది చూపించండి, అంది.

లాడ్జిలో వాళ్ళది రెండో అంతస్తు గది. రెండు మంచాలు దగ్గరకు జరిపి ఉన్నాయి. కిటికీ తీస్తే పక్క బిల్డింగు నీళ్ళ గొట్టాలు. ఆమె చెప్పులజత ఒకటి మంచం కింద, దువ్వెన అద్దం ముందు. పారిపోవాలనుకున్న మనిషి సర్దిన గదిలా లేదు. అయితే ఆ మాట ఇన్‌స్పెక్టరుకు సరిపోదని ఆవిడకు తెలుసు.

అద్దం పక్కన గోడకు ఒక కాగితం అతికించి ఉంది. ఊళ్ళో చూడవలసిన పద్దెనిమిది చోట్లు, వరస నెంబర్లతో, ఒక్కోదానికి ఎంతసేపో నిమిషాలతో సహా. అది అసలుకు నకలనీ, అసలు జేబులో ఉందనీ అతనే చెప్పాడు. అతను లిఫ్టు మెకానిక్. ఆమె బట్టల ఫ్యాక్టరీలో కటింగు మాస్టరు, రోజుకు పది గంటలు నిలబడి చేసే పని. పెళ్ళయి పదకొండేళ్ళు. సెలవు పెట్టి ఇద్దరూ కలిసి ఊరు చూడ్డానికి రావడం ఇదే మొదలు.

జేబులోంచి తీసిన కాగితం మీద ఎనిమిది టిక్కులు ఉన్నాయి. ఏడు సోమవారానివి. ఎనిమిదోది లైట్‌హౌస్ దీవి.

“ఈ టిక్కు ఎప్పుడు పెట్టారు?”

దీవిలో దిగగానే అని అతను ఒప్పుకున్నాడు. లాంచీ పది నలభై అయిదుకు దీవికి చేరింది. ఒడ్డున కాలు పెడుతూనే అతను కలం తీశాడు. గొడవ అక్కడే మొదలయింది. ఇంకా చూడనేలేదు, అప్పుడే టిక్కు పెట్టేశావా, నువ్వు ఊరు చూడ్డానికి వచ్చావా, హాజరు వేయించుకోడానికి వచ్చావా అని ఆమె అడిగింది. అతనూ ఊరుకోలేదు. ప్లాను లేకపోతే నువ్వు గదిలోనే పడుకునేదానివి అన్నాడు. పడుకుంటాను, పదకొండేళ్ళుగా నిలబడే ఉన్నాను అంది ఆమె. పక్కన జనం వింటున్నారు. ఆ జనంలో ఇద్దరు తర్వాత పోలీసులకు ఈ మాటలన్నీ పూస గుచ్చినట్టు చెప్పారు.

“ఆఖరున ఏమంది?”

“‘నీ లిస్టు నువ్వు చూసుకో. లాంచీలో నీ పక్కన కూర్చోను’ అంది. అప్పుడు పదకొండూ ఇరవై. లైట్‌హౌస్ దగ్గర. నేను ఫిరంగులు చూడ్డానికి అటు వెళ్ళిపోయాను.”

“తిరుగు ప్రయాణంలో ఆమె లాంచీలో ఉందని పోలీసులకు చెప్పారు.”

“ఉంది. పై డెక్కు మీద ఆకుపచ్చ శాలువా కనబడింది. పొద్దున్న తను వేసుకున్నది అదే.”

“మొహం చూశారా?”

“చూడలేదు.” అతను కిటికీ వైపు తిరిగాడు. “చూడబుద్ధి కాలేదు మేడమ్. ముందు తనే వచ్చి మాట్లాడాలనుకున్నాను.”

లాంచీలో అతను మోసిన సంచీ బల్ల మీద ఉంది. పోలీసులు దాన్ని ఒకసారి తెరిచి జాబితా రాసుకున్నారు, నకలు అతనికీ ఇచ్చారు. ఫోను ఒకటి, భార్యది. నీళ్ళ సీసా ఒకటి. గొడుగు ఒకటి. వస్త్రం ఒకటి. డిటెక్టివ్ సంచీ తెరిచి ఒక్కొక్కటే మంచం మీద పెట్టింది. సీసా నిండుగా ఉంది, మూత సీలు కూడా తెంచలేదు. గొడుగు కింద, అడుగున, ఉండగా చుట్టి కుక్కిన ఆకుపచ్చ శాలువా ఉంది.

అతను దాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. ఎండగా ఉందని దీవిలో దిగేముందు తనే తీసి ఇచ్చింది, నేనే లోపల కుక్కాను అన్నాడు. గొడవలో మరిచిపోయాడు. అంటే పై డెక్కు మీద కనబడింది మరెవరిదో శాలువా. రెండు రోజులుగా ఆమెది ఈ సంచీలోనే ఉంది, పోలీసుల కాగితం మీద ‘వస్త్రం ఒకటి’ అని నమోదు కూడా అయింది. రాసినవాడు రంగు రాయలేదు. రాసి ఉంటే మంగళవారం సాయంత్రమే ఎవడో ఒకడు ఆగి ఆలోచించేవాడు.

ఆవిడ ఇంకొకటే అడిగింది. టిక్కెట్లు, తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి?

“అన్నీ నా దగ్గరే. తను ఎక్కడో ఒకచోట పెట్టి మరిచిపోతుంది.” అలవాటు కొద్దీ ముంజేతి మీది రబ్బరు బ్యాండ్లను లాగి వదిలాడు. నాలుగున్నాయి. లిఫ్టు తాళాలు జతలు జతలుగా కట్టుకోవడానికట.

జెట్టీలో స్తంభం మీద ఎర్రజెండా టపటపా కొట్టుకుంటోంది. మంగళవారం మధ్యాహ్నం రెండింటికి ఎత్తిన తుఫాను హెచ్చరిక ఇంకా దించలేదు. అప్పటినుంచి ఒక్క లాంచీ కదలలేదు. టూరిస్టు లాంచీ నాలుగు తాళ్ళతో కట్టేసి ఉంది. లాంచీ నడిపే సరంగు ఇంజను గదిలోంచి చేతులు తుడుచుకుంటూ పైకి వచ్చాడు. అరవై దాటినవాడు, ఒక మోకాలు వంగదు. పోలీసులకు చెప్పిందంతా మళ్ళీ చెప్పాలా అని విసుక్కున్నాడు.

పోలీసులకు చెప్పనిది చెబితే చాలు అంది డిటెక్టివ్.

ఎక్కేటప్పుడు మనిషికొక ఇత్తడి బిళ్ళ ఇస్తారు, దాని మీద నెంబరు ఉంటుంది. దిగేటప్పుడు గట్టు దగ్గరున్న చెక్కపెట్టెలో వేయాలి. పెట్టె తెరిచి బిళ్ళలను నెంబర్ల వారీగా కొక్కేలకు తగిలిస్తారు. అరవై నాలుగు కొక్కేలూ నిండితే అందరూ దిగినట్టు. పాతికేళ్ళుగా ఇదే పద్ధతి, ఇన్నేళ్ళలో ఒక్క కొక్కెం ఖాళీ లేదని సరంగు గర్వంగా చెప్పాడు.

“మనుషుల్ని లెక్కపెట్టరా?”

“తలలు లెక్కపెడితే తేలదమ్మా. ఒకడు పైకెక్కుతాడు, ఒకడు కిందికి దిగుతాడు, ఒకడు బాత్రూంలో దూరతాడు. బిళ్ళకి కాళ్ళుండవు.”

“దీవిలో మళ్ళీ ఎక్కేటప్పుడు?”

“అక్కడ పెట్టె లేదు. మూడు విజిళ్ళు వేస్తాం. రాని వాడెవడమ్మా, అక్కడ ఉండి ఏం చేస్తాడు?”

డిటెక్టివ్ పెట్టె దగ్గర వంగింది. పై చీలిక ఒక్క బిళ్ళ పట్టేంత సన్నగా ఉంది. పాత చెక్క, అంచులు చేతులు తగిలి నున్నగా అయ్యాయి. చీలికకు కుడివైపు మాత్రం రెండు గీతలు తెల్లగా, కొత్తగా ఉన్నాయి. కత్తిమొన గీతలు. ఇవేమిటని అడిగింది.

సరంగుకు ఆ సంగతి గుర్తున్నట్టుంది, అప్పటి చిరాకు మళ్ళీ వచ్చింది. మంగళవారం ఎవడో మహానుభావుడు రెండు బిళ్ళలకు కలిపి రబ్బరు బ్యాండు వేసి అలాగే పెట్టెలో కుక్కిపోయాడు. అవి చీలికలో ఇరుక్కున్నాయి, వెనక వరసంతా ఆగిపోయింది. చాకుతో బ్యాండు తెంపి లోపలికి తోయాల్సి వచ్చింది.

“ఏ నెంబర్లు?”

“ముప్ఫై ఏడు, ముప్ఫై ఎనిమిది. కొక్కేలకి నేనే తగిలించాను.”

డిటెక్టివ్ వెనక్కి తిరిగి చూడలేదు. చూడకుండా ఉండటమే అప్పుడు ఆవిడ చేయగలిగిన మర్యాద. వెనక నిలబడ్డ భర్త ముంజేతి బ్యాండ్లు ఒక్కొక్కటే తీసి గట్టు మీద పెట్టాడు.

“నేనే వేశాను,” అన్నాడు. “ఎక్కేటప్పుడు ఇద్దరివీ నేనే తీసుకున్నాను. దిగేటప్పుడు... చెయ్యి దానంతట అదే వేసేసింది. తను వెనకాల వస్తోందనుకున్నాను.”

అరవై నాలుగు బిళ్ళలు తిరిగి వచ్చాయి. మనుషులు అరవై ముగ్గురు. మిగిలినామె పదకొండూ ఇరవైకి లైట్‌హౌస్ దగ్గర నిలబడి, ఎక్కడైనా కాసేపు కూర్చోవాలనుకుంది.

లైట్‌హౌస్ తలుపు గురించి అడిగితే సరంగు తల వంచుకుని చెప్పాడు. లాంచీ ఆగినంతసేపు జనం ఎక్కి చూడటానికి తలుపు తీసి ఉంచుతారు, వెళ్ళేముందు తాళం వేస్తారు. తాళంచెవి తన దగ్గరే ఉంటుంది. దీపం దానంతట అదే వెలిగేది, అక్కడ కాపలా మనిషి లేడు. మంగళవారం పన్నెండూ అయిదుకు కింద నిలబడి రెండుసార్లు కేక వేశాడు. జవాబు రాలేదు. తాళం వేశాడు.

“పైకెక్కి చూడలేదు.”

“నూట ముప్ఫై మెట్లమ్మా. నా మోకాలు...”

“పైన సముద్రం వైపు కూర్చున్న మనిషికి కింద వేసిన కేక వినబడుతుందా?”

భర్త సరంగు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. కొడతాడేమో అనిపించింది. కొట్టలేదు.

“నేను లిఫ్టు తలుపు మూసేముందు గోతిలోకి టార్చి వేసి చూస్తాను,” అన్నాడు. “పంతొమ్మిదేళ్ళుగా, మూసిన ప్రతిసారీ. లోపల మనిషి ఉండడని తెలుసు. అయినా చూస్తాను. నీకు ఒక్కరోజు ఎక్కి చూడాలనిపించలేదా పెద్దాయనా?”

సరంగు జేబులోంచి తాళంచెవి తీసి అరచేతిలో పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఇంజనుకు నూనె వేసి ఉంచమని డిటెక్టివ్ అతనికి చెప్పింది. పది దాటి అయిదు నిమిషాలయింది. ఆమెను లోపల పెట్టి తాళం వేసి నలభై ఆరు గంటలు. చేతిలో నీళ్ళు లేవు. మంగళవారం రాత్రి, బుధవారం మధ్యాహ్నం వాన పడింది. పైన దీపం చుట్టూ తెరిచిన వసారా ఉంది. ఆవిడ ప్రస్తుతానికి ఆ రెండు వానలనే నమ్ముకుంది.

హార్బరు పోలీసు ఆఫీసు జెట్టీ చివర. కింద ఇన్‌స్పెక్టరు గది, దాన్ని ఆనుకునే వైర్‌లెస్ గది, మధ్యలో సగం చెక్క సగం అద్దం గోడ. ఇన్‌స్పెక్టరు ఆవిడను చూసి కుర్చీలోంచి లేవలేదు.

“రా అక్కా. పారిపోయిన పెళ్ళాల్ని వెతికే పని మొదలెట్టావటగా. గిరాకీ బాగుంటుంది.”

డిటెక్టివ్ శాలువాను అతని బల్ల మీద పరిచింది. తర్వాత బిళ్ళల సంగతి చెప్పింది, తాళం సంగతి చెప్పింది. అయిదు వాక్యాల్లో అయిపోయింది. అతను విన్నాడు. విన్నాక, ఇవన్నీ ఊహలన్నాడు. గొడవకు సాక్షులున్నారు. ఫోను వదిలి వెళ్ళింది, ఆచూకీ దొరక్కూడదనుకునే మనిషి చేసే మొదటి పని అదే. భర్త స్వయంగా లాంచీలో చూశానని సంతకం పెట్టాడు. ఇప్పుడు మాట మార్చితే అతన్నే అనుమానించాల్సి వస్తుంది. దీవిలో గొడవపడ్డ మొగుడు, తిరిగిరాని పెళ్ళాం. అలా రాయమంటావా?

“రాసుకో. ముందు లాంచీ పంపు.”

“ఎర్రజెండా కనబడటం లేదా? పోర్టు ఆఫీసరు సంతకం లేకుండా పడవ కదిలితే నా ఉద్యోగం పోతుంది. నీ ఊహ కోసం ఆరుగురు మనుషుల్ని ముంచనా?”

“లోపల మనిషి ఉందని ఏం చూపిస్తే నమ్ముతావు?”

“ఏదైనా ఒక్కటి. నువ్వు అల్లింది కానిది.”

అతను అబద్ధమేమీ ఆడలేదు. గాలి నిజం, జెండా నిజం, ఆరుగురి ప్రాణాలూ నిజమే. అదే ఆవిడకు మరింత మంట పుట్టించింది. ఆరేళ్ళ కిందట కూడా అతను అన్నవన్నీ నిజాలే.

వైర్‌లెస్ గది తలుపు తెరుచుకుంది. ఆపరేటరు ముప్ఫై ఏళ్ళ మనిషి, చెవుల మీది హెడ్‌ఫోను మెడలోకి జారి ఉంది. చేతిలో లావుపాటి రిజిస్టరు. ఇన్‌స్పెక్టరు వైపు చూడకుండా డిటెక్టివ్ వైపు చూసి మాట్లాడింది.

“అద్దంలోంచి అంతా వినబడుతుంది మేడమ్, క్షమించండి. ఆ లైట్‌హౌస్ మీద కంప్లయింటు ఉంది.”

ఇన్‌స్పెక్టరు, అది రిపేరు విషయం, నువ్వు లోపలికెళ్ళు అన్నాడు. ఆమె వెళ్ళలేదు. రిజిస్టరును శాలువా మీదే తెరిచి పెట్టింది. హార్బరు ముఖద్వారంలో లంగరు వేసిన సరుకు ఓడ నుంచి వచ్చిన కంప్లయింటు అది. మంగళవారం రాత్రి ఏడూ పది. లైట్‌హౌస్ దీపం ఆగకుండా వెలగాల్సింది, ఆరి ఆరి వెలుగుతోంది. మూడుసార్లు ఆరడం, కాస్త ఆగడం, మళ్ళీ మూడుసార్లు. తొమ్మిదిన్నర వరకు అలాగే ఉంది.

“దీపం పాడైతే లెక్క ప్రకారం పాడవదు మేడమ్,” అంది ఆపరేటరు. “నేను అప్పుడే చెప్పాను. దీవిలో ఎవరూ లేరు, అరవై నలుగురూ దిగారు, వైరింగు అయి ఉంటుంది అన్నారు.”

ఎంట్రీ పక్కన పొట్టి సంతకం ఉంది, మంగళవారం రాత్రి పదింటిది. కింద ఎర్రసిరాతో ఒక వాక్యం: రిపేరు విభాగానికి లేఖ పంపవలెను. డిటెక్టివ్ ఆ సంతకాన్ని వెంటనే గుర్తుపట్టింది. ఆరేళ్ళ కిందటి కాగితం మీద తన సంతకం కింద ఉన్నది ఇదే.

పైన ఎవరో దీపానికి అడ్డంగా ఏదో గుడ్డ పట్టుకుని నిలబడ్డారు. రెండుగంటల ఇరవై నిమిషాలు చేతులెత్తి నిలబడ్డారు. రోజుకు పది గంటలు నిలబడే మనిషికి తప్ప అది సాధ్యం కాదు.

తలుపు దగ్గర భర్త ఉన్నాడు. అతనెప్పుడు లోపలికి వచ్చాడో ఎవరూ చూడలేదు. “నిన్న?” అని అడిగాడు.

ఆపరేటరు పేజీ తిప్పింది. వేలు ఒక వరస మీద ఆగింది. ఇప్పుడు ఆమె గొంతు కూడా తగ్గింది.

“నిన్న ఏడూ అయిదుకు మొదలయింది. మూడు, మూడు, అలాగే. ఏడూ ఇరవైకి రెండేసిసార్లు అని ఉంది. ఏడూ నలభైకి... దీపం మామూలుగా వెలుగుతోంది, రిపేరు అయినందుకు థాంక్స్ అని ఓడవాళ్ళు చెప్పారు. ఆ తర్వాత ఏమీ లేదు.”

ఎవరూ రిపేరు చేయలేదు. లేఖ ఇంకా బయటికి వెళ్ళే ట్రేలోనే ఉంది. డిటెక్టివ్‌కు అది కనబడుతోంది, ఇన్‌స్పెక్టరు మోచేతికి జానెడు దూరంలో.

ఇన్‌స్పెక్టరు చెయ్యి ముందుకు కదిలింది. ఫోను ఎడమవైపు ఉంది, మంగళవారం రిపోర్టు ఫైలు కుడివైపు. చెయ్యి కుడివైపు వెళ్ళింది.

డిటెక్టివ్ ఆ ఫైలు మీద అరచెయ్యి ఆనించింది.

“దీన్ని తర్వాత దిద్దుకుందువుగాని. ఫోను అటుంది.”

“అక్కా, నా మాట విను...”

“నన్ను అలా పిలవకు.”

ఆవిడ అంత మెల్లగా అన్న మాట అద్దం అవతలికి కూడా వినబడి ఉండదు. అతను ఫోను ఎత్తాడు. పోర్టు ఆఫీసరు మీటింగులో ఉన్నాడు, పదిహేను నిమిషాలు ఆగమన్నారు. ఆపరేటరు ఎవరి అనుమతీ అడగకుండా తన గదిలోకి వెళ్ళి, లంగరు వేసిన ఓడను పిలవడం మొదలుపెట్టింది. దుర్భిణి ఉంటే లైట్‌హౌస్ పై వసారా వైపు చూడమనీ, కనబడింది కనబడినట్టు చెప్పమనీ అడిగింది. జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. హెడ్‌ఫోను ఒక చెవికి ఆనించుకుని విన్నది, రాసుకున్నది, కాగితం అద్దానికి ఆనించి చూపించింది.

వసారా కమ్మీకి ఏదో గుడ్డ కట్టి ఉంది. మనిషి కనబడటం లేదు.

భర్త ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి బయటికి నడిచాడు. డిటెక్టివ్ వెనకే వెళ్ళింది. లాంచీ పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. సరంగు నాలుగు తాళ్ళలో మూడు విప్పేశాడు. నాలుగోది చేత్తో పట్టుకుని, హార్బరు ముఖద్వారానికి అడ్డంగా ఉన్న ఇనుప గొలుసు వైపు చూస్తున్నాడు. సంతకం వస్తేగాని గొలుసు దించరు.

పదకొండు కావస్తోంది. దీవికి నలభై అయిదు నిమిషాల దారి, ఈ గాలిలో ఇంకా ఎక్కువ. పోర్టు ఆఫీసరు మీటింగు అవలేదు. గొలుసు దించలేదు. లైట్‌హౌస్ తలుపు ఇంకా ఎవరూ తెరవలేదు.